లెక్కలోకి రాని బలం: జంషెడ్‌పూర్ పేటలూ బజార్లూ

ఒక పేటను బాగుచేయాలని ఎవరు పూనుకున్నా ముందు ఒక జాబితా తయారవుతుంది. రోడ్డు లేదు, పార్కింగ్ లేదు, మురుగు కాలువ లేదు, మరుగుదొడ్డి లేదు. ఈ ‘లేదు’ల పట్టికే చివరికి ప్రాజెక్టు నివేదిక అవుతుంది. నిధులొస్తే పని జరుగుతుంది. పనంతా అయ్యాక కూడా పేటలో గిరాకీ ఎందుకు పెరగలేదో చాలాసార్లు ఎవరికీ అంతుపట్టదు.

దీనికి ఎదురు దారి ఒకటి ఉంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ క్రెట్జ్‌మన్, జాన్ మెక్‌నైట్ 1993లో ఒక పుస్తకం ప్రచురించారు. పేటలో ఏం లేదో రాసేముందు ఏం ఉందో రాయమన్నారు. అక్కడి మనుషులకు వచ్చిన పనులు, వాళ్లు పెట్టుకున్న సంఘాలు, బడులు, గుళ్లు, కొట్లు, వీటి మధ్య ఏళ్ల తరబడి కుదిరిన నమ్మకం, ఇవన్నీ ఆ పేట ఆస్తులేనన్నారు. ఈ పద్ధతిని ఆస్తి ఆధారిత అభివృద్ధి (లోటుతో కాక, ఉన్న బలంతో మొదలయ్యే ప్రణాళిక) అంటారు.

చెప్పుకోవడానికి ఇది తేలికే. చిక్కంతా లెక్కపెట్టడంలో ఉంది. రోడ్డు పొడవు కొలవొచ్చు. ఒక కిరాణా కొట్టువాడు ఎంతమందికి అరువిస్తాడో, ఎందుకిస్తాడో ఏ సర్వేలోనూ ఉండదు. ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి జంషెడ్‌పూర్ మంచి చోటు. మన దేశంలో ఇన్నిసార్లు కాగితం మీద గీసిన ఊళ్లు అరుదు. కాబట్టి గీత ప్రకారం వచ్చిందేదో, గీతను పట్టించుకోకుండా పెరిగిందేదో విడదీసి చూడొచ్చు.

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ప్రాంతంలో, సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టారు. 1912లో మొదటి ఉక్కు వచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. తొలి పట్టణ నమూనా పిట్స్‌బర్గ్ ఇంజనీర్ జూలియన్ కెన్నెడీ సంస్థ ఇచ్చింది. 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1930ల్లో పి.జి.డబ్ల్యూ. స్టోక్స్, 1940ల మధ్యలో జర్మనీలో పుట్టిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ వరసగా దాన్ని తిరగరాశారు. తర్వాత భువనేశ్వర్‌ను గీసింది కూడా ఈ కోనిగ్స్‌బర్గరే. ఊరిని నైబర్‌హుడ్ యూనిట్లుగా (బడి, ఆటస్థలం, కొట్లు నడిచిపోయే దూరంలో ఉండే ఇళ్ల సముదాయాలుగా) పెంచాలన్నది ఆయన ఆలోచన.

ఇన్నిసార్లు ఎందుకు గీయాల్సి వచ్చింది? జనం ఎప్పుడూ ప్లానును దాటి పోతూ వచ్చారు. 1911 జనాభా లెక్కల్లో అక్కడ ఆరు వేలమంది కూడా లేరు. 1921 నాటికి యాభై వేలు దాటారు. 2011లో చుట్టుపక్కల ఊళ్లతో కలిపి 13 లక్షలు దాటారు. ఇంజనీర్లు క్వార్టర్లు లెక్కవేశారు, నీళ్ల గొట్టాలు లెక్కవేశారు. ఆ క్వార్టర్లలో దిగినవాళ్లకు కూరగాయలు తెచ్చేవాళ్లు, చొక్కాలు కుట్టేవాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు ఎక్కడ ఉంటారన్న సంగతి మాత్రం ప్రతిసారీ ఆలస్యంగానే గుర్తొచ్చింది. కంపెనీ ఇళ్ల అంచుల వెంట బస్తీలు అలాగే పెరిగాయి.

ఇప్పుడు బజార్ల సంగతి. బిష్టుపూర్, సాక్చీ బజార్లు ప్లానులో చోటు దక్కించుకున్నవి. బిష్టుపూర్‌లో వెడల్పాటి మెయిన్ రోడ్డు, దాని పక్కన ఇంగ్లిష్ అక్షరాలతో పిలిచే వీధులు ఉంటాయి. సాక్చీ దానికంటే ఇరుకు, దానికంటే చవక. రైలు స్టేషన్‌కు దగ్గరగా జుగ్సలాయి ఉంది. అది కంపెనీ ఏలుబడికి బయట, సొంత మున్సిపాలిటీగా పెరిగింది. టోకు వ్యాపారం ఎక్కువగా అక్కడ స్థిరపడింది. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. కంపెనీ పరిధిలో కొట్టు పెట్టినవాడికి నేల మీద పూర్తి హక్కు ఉండదు. ఏం కట్టాలన్నా, ఎవరికి అమ్మాలన్నా అనుమతి కావాలి. గోదాములో లక్షల సరుకు నింపే టోకు వ్యాపారి సొంత నేల కోరుకుంటాడు. రైలు దిగిన సరుకును దూరం మోయడం కూడా అతనికి గిట్టదు. ఈ రెండూ జుగ్సలాయిలో కుదిరాయి. అక్కడ టోకు బజారు పెట్టాలని ఏ ఇంజనీరూ ముందుగా నిర్ణయించలేదు. నేల మీద హక్కు ఎక్కడ మొదలవుతుందో చూసుకుని వ్యాపారమే అటు నడిచింది.

బిష్టుపూర్, సాక్చీల బలం నేలలో లేకపోతే మరెక్కడుంది? జీతంలో ఉంది. ఈ ఒక్క విషయం కొంచెం నిదానంగా చూడాలి.

ఈ కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలు చేసింది. 1920లో భవిష్యనిధి, జీతంతో కూడిన సెలవు వచ్చాయి. 1934లో లాభంలో వాటాగా బోనస్ మొదలైంది. వీటిని కార్మిక సంక్షేమంగానే చదువుతాం. కొట్టువాడు వాటిని మరోలా చదివాడు. ఎనిమిది గంటల పనంటే మూడు షిఫ్టులు. తెల్లవారి ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి గేటు దగ్గర జనం మారతారు. టీ బండి ఎప్పుడు వెలగాలో, కూరలు ఎప్పుడు పరవాలో ఆ గేటే చెబుతుంది. జీతం నెలకొకసారి తప్పకుండా వస్తుంది గనుక అరువు నెల రోజులకు సరిపోతుంది. బోనస్ దుర్గాపూజ ముందు చేతికొస్తుంది గనుక బట్టల కొట్టు, మోటారు సైకిళ్ల షోరూమ్, నగల కొట్టు ఆ వారాలకు సరుకు ముందే తెప్పించుకుంటాయి. ఆ ఏడాది బోనస్ ఒప్పందం ఎంతకు కుదిరిందన్నది అక్కడ కార్మికుడి ఇంట్లో ఎంత వార్తో బజారులో అంత వార్త.

అరువు ఎలా పనిచేస్తుందో చూద్దాం. బ్యాంకు అప్పివ్వాలంటే తాకట్టు అడుగుతుంది. కొట్టువాడు అడగడు. అతనికి మూడు సంగతులు తెలుసు. ఈ మనిషి ఏ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాడు. జీతం ఏ రోజు వస్తుంది. ఏ క్వార్టర్‌లో ఉంటాడు. ఉద్యోగం పోతే క్వార్టర్ కూడా పోతుంది. ఆ కబురు పద్దు పుస్తకం దాకా రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. అంటే ఇక్కడ తాకట్టు పనిని సమాచారం చేస్తోంది. ఆ సమాచారం ఒక్క కొట్టు సొంతం కాదు. వీధంతటికీ తెలిసినది. పేట బలమంటే ఇదే.

దీనిలో తెలుగువాళ్ల వాటా కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తరాల కిందటే కార్మికులు ఈ ఊరికి వెళ్లారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఉంది, దాని ఆధ్వర్యంలో బడి ఉంది. ఈ తెలుగువాళ్లలో ఎక్కువమంది జీతగాళ్లుగానే వెళ్లారు, కొట్లు పెట్టడానికి కాదు. అయినా బజారు లెక్కలో వాళ్ల సంఘాలు లేవనుకుంటే పొరపాటు. కొత్తగా ఊరికొచ్చిన కుర్రాడికి గది ఎవరిప్పిస్తారు, అరువుకు పూచీ ఎవరుంటారు, పెళ్లికి హాలు ఎక్కడ దొరుకుతుంది? ఇవన్నీ సంఘం చుట్టూ తిరిగే పనులు. తమిళులకూ బెంగాలీలకూ పంజాబీలకూ గుజరాతీలకూ ఇలాంటి సంఘాలే ఉన్నాయి. పట్టణ పటంలో ఇవి ‘మతపరమైన, సాంస్కృతిక స్థలాలు’ అని ఒక రంగులో కనిపిస్తాయి. వ్యాపారానికి అవి చేసే మేలు ఆ రంగులో కనిపించదు.

ఇంతవరకూ బలం. ఈ బలానికి ఆధారం ఒక్కటే కావడంతో దాని బలహీనత కూడా అక్కడే ఉంది. 1990ల తొలి ఏళ్లకూ 2000ల మధ్యకూ నడుమ ఉక్కు కంపెనీలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఉత్పత్తి మాత్రం పెరిగింది. స్వచ్ఛంద విరమణ పథకాలు వచ్చాయి, కొత్త యంత్రాలు వచ్చాయి, కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. కంపెనీ లెక్కలో ఇది ఉత్పాదకత. పద్దు పుస్తకం లెక్కలో వేరు. కాంట్రాక్టు కార్మికుడి జీతం తక్కువ, తేదీ నిలకడగా ఉండదు, క్వార్టర్ ఉండదు. కొట్టువాడి చేతిలో ఉన్న మూడు సంగతులూ ఒకేసారి మసకబారాయి. పెద్ద మాల్ వచ్చిందనో, ఫోన్‌లో సరుకు ఇంటికే వస్తోందనో బజారు తగ్గిందని అందరూ అంటారు. అందులో నిజం ఉంది. కానీ అరువు ఇవ్వగలగడమే కొట్టుకు మాల్ మీద ఉన్న పైచేయి. అది ముందే సడలిందని నాకనిపిస్తుంది.

ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో ఇదే కథ మరింత పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. 1945లో టెల్కో, అంటే ఇవాళ్టి టాటా మోటార్స్, జంషెడ్‌పూర్‌లో మొదలైంది. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం కుదిరి లారీల తయారీ ప్రారంభమైంది. లారీకి వేల విడిభాగాలు కావాలి. అన్నీ ఒకే కర్మాగారం చేసుకోలేదు. చుట్టూ చిన్న యూనిట్లు పుట్టాయి. 1972లో ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి సంస్థ ఏర్పడింది. క్రమంగా అక్కడ వెయ్యికి పైగా యూనిట్లు చేరాయి. ఫోర్జింగ్ (ఎర్రగా కాల్చిన లోహాన్ని దెబ్బలతో, ఒత్తిడితో మలచడం), క్యాస్టింగ్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోయడం), మెషీనింగ్ (మిల్లీమీటరులో వందోవంతు కొలతలతో చెక్కడం), ఇలా ఒక్కో యూనిట్‌కు ఒక్కో పని.

ఒకే రకం పనివాళ్లు ఒకే చోట చేరితే ఏమవుతుందో ఇంగ్లిష్ ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించాడు. పనితనం ఉన్న మనుషులు సులువుగా దొరుకుతారు. వాళ్లకు కావలసిన పనిముట్లు, ముడిసరుకు అమ్మేవాళ్లు పక్కనే చేరతారు. ఒకరు కనిపెట్టిన మెలకువ రెండో రోజుకు పక్క షెడ్డుకు పాకుతుంది. ఆదిత్యపూర్‌లో ఈ మూడూ ఉన్నాయి. పైగా ఊళ్లో 1950 నుంచి జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. ఆదిత్యపూర్‌లోనే ఎన్ఐటీ ఉంది. పనిముట్ల తయారీ నేర్పే ఇండో డేనిష్ టూల్ రూమ్ ఉంది. చిన్న యూనిట్ సొంతంగా కొనలేని యంత్రాలు, పరీక్ష సదుపాయాలు నలుగురూ పంచుకోవడానికి ఆటో క్లస్టర్ ఉంది.

లేనిదల్లా రెండో కొనుగోలుదారు. 2019లో దేశమంతటా లారీల అమ్మకాలు పడిపోయాయి. టాటా మోటార్స్ కొన్ని రోజుల చొప్పున బ్లాక్ క్లోజర్ (ఉత్పత్తిని ముందే ప్రకటించి ఆపేయడం) చేసింది. పెద్ద కర్మాగారానికి అది గిడ్డంగిలో నిల్వ తగ్గించుకునే ఉపాయం. విడిభాగాలు చేసే యూనిట్‌కు అది ఆగిన ఆర్డరు. కరెంటు బిల్లులో స్థిర ఛార్జీ ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు. కాబట్టి ముందు ఆగేది దినకూలీ. ఆ కూలీ ఇంటికెళ్లే దారిలోని బజారుకు ఆ దెబ్బ వారంలో చేరుతుంది.

మన విజయవాడ ఆటోనగర్‌తో పోల్చి చూస్తే సంగతి తేటపడుతుంది. 1960ల్లో మొదలైన ఆ పేట కూడా లారీల మీదే బతికింది. అక్కడ బాడీ కడతారు, ఇంజను విప్పుతారు, స్ప్రింగు పట్టీలు మారుస్తారు, పెయింటు వేస్తారు. కానీ అక్కడి మేస్త్రీకి గిరాకీ ఒక్క కంపెనీ నుంచి రాదు. చెన్నై–కోల్‌కతా దారిలో, హైదరాబాద్ దారిలో పోయే వేలమంది లారీ యజమానుల నుంచి వస్తుంది. కొత్త లారీలు అమ్ముడుపోని ఏడాది పాతవి ఎక్కువ రోజులు తిరుగుతాయి, అప్పుడు రిపేరు పని పెరుగుతుంది. ఆటోనగర్‌కూ కష్టాలున్నాయి. ఫ్యాక్టరీలోనే పూర్తి బాడీతో లారీలు రావడం మొదలయ్యాక అక్కడి బాడీ షెడ్లకు పని తగ్గింది. అయితే ఆ దెబ్బ మెల్లగా తగిలింది, మరో పనికి మళ్లడానికి కొంత వ్యవధి దొరికింది. ఒకే పనితనం ఉన్న రెండు పేటలకు కొనేవాళ్ల సంఖ్య వల్ల వేర్వేరు గతులు పట్టాయి.

కాబట్టి ఆదిత్యపూర్‌కు కొత్త పరిశ్రమ ఒకటి తెచ్చిపెట్టాలన్న కోరిక మొదటి మెట్టు కానక్కర్లేదు. అక్కడి షెడ్డుకు యాక్సిల్ చెక్కడం వచ్చు. ఆ చేతితోనే రైల్వే భాగాలు, గనుల యంత్రాల భాగాలు, వ్యవసాయ పరికరాలు చేయొచ్చు. కొంతమంది చేస్తూనే ఉన్నారు. అడ్డు పనితనం దగ్గర లేదు. రైల్వేకు అమ్మాలంటే నాణ్యత ధ్రువపత్రం, పరీక్ష నివేదిక, టెండర్ అనుభవం కావాలి. ఇరవైమంది పనిచేసే షెడ్డులో ఆ కాగితాల పనికి మనిషి ఉండడు. నలుగురు కలిసి ఒకరిని పెట్టుకుంటే గిట్టుబాటవుతుంది. ఆదిత్యపూర్‌లో చిన్న పరిశ్రమల సంఘం ఉంది, బిష్టుపూర్‌లో సింగ్‌భూమ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఉంది. వినతిపత్రాలు ఇవ్వడంలో వీటికి మంచి అనుభవం ఉంది. ఉమ్మడిగా ఒక గుమాస్తాను పెట్టుకోవడం చప్పుడు లేని పని గనుక పత్రికలకెక్కదు.

‘కలిసి’ అన్న మాట దగ్గర ఇంకో చిక్కుంది. టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వీధి ఉంది. 1960ల్లో భూగర్భ రైలు రావడంతో పైన ట్రామ్ దిగి నడిచే జనం తగ్గారు. శివార్లలో పెద్ద మాల్ వెలిసింది. కొట్లవాళ్లు చందాలు వేసుకుని దీపాలు, చెట్లు పెట్టాలనుకున్నారు. ఎప్పటిలాగే కొందరిచ్చారు, కొందరివ్వలేదు. ఇవ్వనివాడి కొట్టు ముందు కూడా దీపం వెలుగుతుంది. ఇది చూశాక ఇచ్చేవాడూ మానేస్తాడు. మన ఊళ్లలో వినాయక చవితి చందాలు వసూలు చేసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. అక్కడ 1970లో చట్టం సాయంతో దారి దొరికింది. వీధిలో వ్యాపారులు ఒప్పుకుంటే ఆ హద్దులోని ప్రతి కొట్టు మీదా అదనపు పన్ను పడుతుంది. నగరపాలక సంస్థ దాన్ని వసూలు చేసి, మళ్లీ ఆ వీధి సంఘానికే ఇస్తుంది. ఈ పద్ధతి (వ్యాపార మెరుగుదల ప్రాంతం) తర్వాత చాలా దేశాలకు పాకింది.

జంషెడ్‌పూర్‌లో అది ఎందుకు కుదరదు? వసూలు చేసి తిరిగిచ్చే ఎన్నికైన నగరపాలక సంస్థ అక్కడ లేదు. 1924 నుంచి నోటిఫైడ్ ఏరియా కమిటీ (ఎన్నిక లేకుండా అధికారుల చేతిలో నడిచే పురపాలన) ఉంది. నీళ్లు, కరెంటు, చెత్త, రోడ్ల పని కంపెనీ అనుబంధ సంస్థది. ఒకప్పుడు దాన్ని జుస్కో అనేవారు, ఇప్పుడు టాటా స్టీల్ యూఐఎస్ఎల్. సేవలు బాగుంటాయని అక్కడివాళ్లే అంటారు, చుట్టుపక్కల ఊళ్లతో పోలిస్తే ఆ మాటలో అతిశయోక్తి తక్కువ. కాకపోతే వీధి దీపం కోసం కొట్టువాళ్లు ఎప్పుడూ కూడాల్సిన అవసరం రాలేదు. ఫోన్ చేస్తే దీపం వెలుగుతుంది. ఏ వీధికి ఏం కావాలో కలిసి తేల్చుకోవడం కూడా ఒక అలవాటే, వాడకపోతే అదీ పోతుంది.

తోపుడు బళ్ల విషయంలో ఈ లోటు బయటపడుతుంది. పటమ్దా వైపు పల్లెల నుంచి కూరగాయలు సాక్చీకి వస్తాయి. అమ్మేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. పక్కా కొట్లవాళ్లు వాళ్లను అడ్డంకిగా చూస్తారు. దారి ఇరుకైందన్నది నిజమే. కానీ రోజూ కూరలకొచ్చే మనిషే వారానికోసారి గిన్నెల కొట్టు మెట్లెక్కుతుంది. బళ్లను దూరంగా తరిమేస్తే ఆ రోజువారీ రాకపోక కూడా వాటి వెంటే పోతుంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఈ సర్వేను నిజాయితీగా చేస్తే, ఏ బండి ఏ వేళకు ఎంతమందిని రప్పిస్తుందో కూడా అందులోనే తేలుతుంది. లోటుపట్టికలో అడ్డంకిగా ఉన్న పేరు ఆస్తుల పట్టికలోకి అప్పుడు మారుతుంది.

ఇదే వ్యాపారులకు కేంద్రం 2020లో పీఎం స్వనిధి అప్పులు మొదలుపెట్టింది. మొదట 10 వేలు, సకాలంలో తీరిస్తే 20 వేలు, ఆ తర్వాత 50 వేలు. 2025లో మొదటి రెండు మెట్లను 15 వేలకు, 25 వేలకు పెంచారు. తాకట్టు అడగరు. తీర్చిన చరిత్రే పూచీ. జాగ్రత్తగా చూస్తే పాత పద్దు పుస్తకం చేసిన పని ఇదే. తేడా ఒక్కటే. ఆ పుస్తకం ఒక వీధికే తెలిసేది, ఈ చరిత్ర బ్యాంకుకు తెలుస్తుంది. ఉక్కు జీతం నీడలో పెరిగిన నమ్మకం సడలిన చోట, ఫోన్‌లో పడే చెల్లింపుల వరస మరో రకం నమ్మకానికి ఆధారమవుతోంది. క్వార్టర్ లేని కాంట్రాక్టు కార్మికుడికి అరువిచ్చే కొట్టువాడికి ఇలాంటి ఆధారం ఇంకా దొరకలేదు.

ఇక నేల. జమీందారీ రద్దయ్యాక ఊరి భూమి ప్రభుత్వానిది, కంపెనీ లీజుదారు. 2005లో కుదిరిన ఒప్పందం 1996 నుంచి 30 ఏళ్లకు, అంటే 2025 ఆఖరు దాకా. అప్పుడే 86 బస్తీల నేలను లీజు నుంచి తప్పించారు. లీజు పత్రం మీద రెండు పక్షాల సంతకాలే ఉంటాయి, ప్రభుత్వానిదీ కంపెనీదీ. బిష్టుపూర్ కొట్టువాడు ఆ పత్రంలో మూడో మనిషి. పై అంతస్తు వేసుకోవచ్చా, కొట్టును కొడుకు పేర మార్చడానికి ఎంత కట్టాలి, బ్యాంకులో తాకట్టు పెట్టనిస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు అతని దగ్గర లేదు, ఆ ఒప్పందంలో ఉంది. షరతులు మళ్లీ రాసేటప్పుడు ఛాంబర్ మామూలు వినతిపత్రంతో వెళ్లొచ్చు. లేదా ఒక్కో బజారులో ఎన్ని కొట్లు, ఎంతమందికి పని, నెలకు ఎంత అరువు, ఏ తరం నుంచి అక్కడున్నారు అన్న పట్టిక చేతపట్టుకుని వెళ్లొచ్చు. ఆ పట్టిక తయారుచేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వివరాలన్నీ కొట్ల గల్లాపెట్టెల పక్కనే ఉన్నాయి.